గిఫ్ట్ హార్స్ సామెత చెప్పే ముందు పళ్లు చూపించండి

కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో సాయంత్రాలు ఇంగ్లిషు ట్యూషన్ చెబుతాను. 'డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ద మౌత్' (కానుకగా వచ్చిన గుర్రం నోట్లోకి చూడకు) అనే సామెతకు అర్థం అడిగితే, కానుకలో లోపాలు వెతకరాదని పిల్లలు గడగడా అప్పజెబుతారు. మరి గుర్రం నోట్లోకే ఎందుకు చూడాలంటే తలలు దించుకుంటారు.

కాబట్టి అర్థం పక్కన పెట్టి పళ్లతో మొదలుపెట్టండి. గుర్రాన్ని మా పిల్లలు పెళ్లి ఊరేగింపుల్లో తప్ప చూడరు. ముందు ఎద్దును చూపండి. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఇక్కడ పశువుల సంత జరుగుతుంది. మా నాన్న ముందు కోడె కింది పెదవి లాగి చూసేవారు. రెండు పళ్లు వేస్తే రెండేళ్ల ప్రాయం. ఎనిమిదీ నిండితే దాదాపు నాలుగేళ్లు. ఆ తర్వాతే దళారితో కండువా కింద వేళ్లు పట్టి బేరం.

ఎద్దుకు పైదవడలో ముందు పళ్లే ఉండవు. గుర్రానికి పైన ఆరు, కింద ఆరు. రెండున్నరేళ్లకు మధ్యవి, మూడున్నరకు వాటి పక్కవి, నాలుగున్నరకు చివరివి పాలపళ్లు ఊడి గట్టి పళ్లు వస్తాయి. 10 ఏళ్లప్పుడు పైదవడ చివరి పంటి మీద చిగురు దగ్గర ఒక గాడి కనబడుతుంది. 20 ఏళ్లకు అది పన్నంతా పాకుతుంది. ముసలి గుర్రం పళ్లు పొడుగ్గా, ముందుకు వాలి ఉంటాయి. వయసు మీరినవారిని పళ్లు పొడుగైనవారని ఇంగ్లిషువాళ్లు ఎత్తిపొడవడం అందుకే.

ఇప్పుడు సామెతకు రండి. కొనేటప్పుడు పళ్లు చూడటం జాగ్రత్త. ఊరికే ఇచ్చినవారి ఎదుట చూడటం మర్యాద కాదు. 4వ శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు సెయింట్ జెరోమ్ లాటిన్‌లో దీన్ని జనం నోట ఉన్న సామెతగా పేర్కొన్నాడు. ఇంగ్లిషులో రచయిత జాన్ హేవుడ్ 1546లో తన సామెతల పుస్తకంలో చేర్చాడు.

ఏటా ఒక పిల్లవాడైనా గ్రీకు కథలోని ట్రాయ్ చెక్కగుర్రాన్ని, అదే కడుపులో శత్రు సైనికులు దాక్కున్న కానుకను, లాక్కొస్తాడు. రెంటినీ కలపనివ్వకండి: అక్కడ లోపల చూడకపోవడమే కొంప ముంచింది.

చివర్లో సొంత ఉదాహరణ అడగండి. మేనమామ ఇచ్చిన పాత సైకిలుకు గేర్లు లేవని మొన్న ఒకడు మూతి ముడిచాడు. తరగతంతా సామెత అందుకుంది. అంతలో ఒక అమ్మాయి, "ఒక జత చెప్పులు కొంటే ఇంకో జత ఉచితమంటే అదీ గిఫ్ట్ హార్సేనా సార్?" అంది. కాదమ్మా, అది సంత. పెదవి లాగి చూడాల్సిందే.