ఇంటి వైన్‌లో సల్ఫైట్ వేసే ముందు

అమెరికాలో ఇంట్లోనే ద్రాక్ష వైన్ పెట్టుకునే మనవాళ్లకు:

- ఆస్తమా ఉన్నవాళ్ల దగ్గర పొటాషియం మెటాబైసల్ఫైట్ (వైన్ పాడవకుండా వేసే సల్ఫైట్ పొడి) డబ్బా తెరవొద్దు. కిటికీలు తీసి, మొహం పక్కకి తిప్పి కలపండి. అగ్గిపుల్ల గీసినప్పటి ఆ ఘాటు ముక్కుకెక్కిందా, దగ్గు ఓ పట్టాన ఆగదు. నాకు అనుభవమే.
- ఈ పొడిని బ్లీచ్‌తో అస్సలు కలపొద్దు.
- సీసాలు, గొట్టాలు ముందు శుభ్రంగా తోమి కడగండి. మురికి మీద శానిటైజర్ పోయడం దండగ.
- గ్యాలన్‌కు, అంటే 3.8 లీటర్లకు, ఒక క్యాంప్‌డెన్ బిళ్ల (సల్ఫైట్‌నే బిళ్లగా చేసి అమ్మేది) నలిపి వేయండి. పొడి అయితే చెంచా లెక్క వద్దు, చిన్న త్రాసుతో తూచండి.
- రసంలో వేశాక 24 గంటలు ఆగి ఈస్ట్ కలపండి.
- వైన్ మళ్లీ పొంగకుండా వేసే పొటాషియం సార్బేట్ ఈస్ట్‌ను చంపదు, పెరగనివ్వదంతే. పొంగు ఆగకముందే వేస్తే వేస్టే.