నోటిఫికేషన్ రావడం లేదా? ఎలా రావడం లేదో ముందు తేల్చుకోండి

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫ్లాట్ నంబరు నొక్కితే మన ఫోనులోని గేటు యాప్ నుంచి నోటిఫికేషన్ మోగాలి, మనం అనుమతి ఇవ్వాలి, ఆ తరువాతే కొరియర్ లోపలికి వస్తుంది. అది మోగనప్పుడు చాలామంది చేసే మొదటి పని యాప్ తీసేసి మళ్ళీ వేసుకోవడం, రెండోది కొత్త ఫోను ధరలు చూడడం. అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్ళయితే ఈ రెంటికన్నా ముందు చూడవలసినది ఒకటుంది: ఆ ఫ్లాట్ పేరు మీద యాప్‌లో నమోదైన నంబరు మీదేనా, ఖాళీ చేసి వెళ్ళిన పాత అద్దెదారుదా? ఇంత చిన్న విషయం చూడకుండా ఫోను రీసెట్ చేసేదాకా వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు.

నంబరు సరైనదే అయితే, సమస్య ఈ మూడింటిలో ఏదో గమనించండి. నోటిఫికేషన్ పై పట్టీలో కనిపిస్తోంది గాని చప్పుడు లేదా? అసలు జాడే లేదా? లేక యాప్ తెరవగానే అన్నీ ఒక్కసారిగా వచ్చి పడుతున్నాయా? ఈ మూడింటికీ కారణాలు వేరు కాబట్టి, ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు.

కనిపిస్తుంది, మోగదు

ముందు ఫోను చప్పుళ్ళను ఆపే డూ నాట్ డిస్టర్బ్ మీట చూడండి. ఆఫీసు మీటింగుల కోసం పెట్టిన టైమ్ షెడ్యూల్ సెలవు రోజున కూడా అలాగే నడుస్తూ ఉంటుంది. ఐఫోన్‌లో ఇదే పని ఫోకస్ చేస్తుంది. ఆపిల్ వాచ్ చేతికి ఉండి ఫోను లాక్‌లో ఉంటే నోటిఫికేషన్ వాచ్‌కే వెళుతుంది, ఫోను మోగదు. ఆండ్రాయిడ్‌లో ఇంకొక మెలిక ఉంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఒకే యాప్ నోటిఫికేషన్లు రకాలుగా విడిపోయాయి. ప్రకటనల గొడవ భరించలేక నోటిఫికేషన్‌ను నొక్కి పట్టుకుని 'సైలెంట్' అన్నప్పుడు, ఆ యాప్ ప్రకటననూ గేటు పిలుపునూ ఒకే రకంలో వేసి ఉంటే రెండూ మూగబోతాయి. ఒకసారి మీరు మార్చిన రకాన్ని యాప్ తనంతట తాను మళ్ళీ మోగేలా చేయలేదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ నోటిఫికేషన్ల పేజీకి వెళ్ళి మీరే మార్చాలి.

అసలు జాడే లేదు

2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకున్న ప్రతి యాప్ నోటిఫికేషన్లకు అనుమతి అడగాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల ఫోన్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే ఏ ప్రశ్న వచ్చినా 'వద్దు' నొక్కడమే క్షేమమని వాళ్ళకు మనమే చెప్పి ఉంటాం. రెండుసార్లు వద్దంటే యాప్ మళ్ళీ అడగదు. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల మీట వేస్తే సరిపోతుంది.

తెరిస్తేనే వస్తాయి

అందరినీ ఎక్కువగా ఏమార్చేది ఇదే. యాప్ బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, అనుమతులన్నీ ఉంటాయి, చేతిలో పట్టుకుని పరీక్షిస్తే నోటిఫికేషన్ ఠంచనుగా వస్తుంది. ఫోను బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిన తరువాత మాత్రం రాదు.

అందుకు కారణం తెలియాలంటే సందేశం ఎలా వస్తుందో తెలియాలి. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ తన సర్వర్‌తో విడిగా సంబంధం పెట్టుకుని కూర్చోనక్కరలేదు. గేటు దగ్గర ఒకే సెక్యూరిటీ అతను అన్ని ఫ్లాట్ల పార్సిళ్ళూ అందుకున్నట్టు, ఫోనులో వెనక నుంచి నడిచే గూగుల్ ప్లే సర్వీసెస్ అన్ని యాప్‌ల సందేశాలనూ ఒకే దారిలో అందుకుని, సంబంధించిన యాప్‌ను నిద్రలేపుతుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ అనే బ్యాటరీ ఆదా ఏర్పాటు, స్క్రీన్ ఆరి, ఛార్జర్ లేకుండా కదలక పడి ఉన్న ఫోనులో మామూలు సందేశాలను ఆలస్యం చేస్తుంది గాని, అత్యవసరమని గుర్తు పెట్టి పంపిన వాటిని ఆపదు. అయితే యాప్ 'ఫోర్స్ స్టాప్', అంటే పూర్తిగా ఆపేసిన స్థితిలో ఉంటే, మీరు చేత్తో తెరిచేదాకా ఏ సందేశమూ దానికి చేరదు. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌లను తమంతట తామే దాదాపు ఈ స్థితిలోకి నెడతాయి. కొన్నింటిలో రీసెంట్ యాప్‌లను పైకి తోసి 'అన్నీ క్లియర్' చేసినా ఇదే జరుగుతుంది. మెమరీ ఖాళీ అవుతుందని గంటకొకసారి తుడిచే అలవాటు ఉంటే ముందు అది మానండి.

నిర్ధారించుకోవడం తేలికే. ఫోను లాక్ చేసి అరగంట వదిలేసి ఇంకొకరి చేత ఆ యాప్‌కు సందేశం పంపించండి. రాకపోతే, ఛార్జర్‌కు పెట్టి అదే పరీక్ష మళ్ళీ చేయండి. ఛార్జర్ మీద వచ్చి, తీసేశాక రాకపోతే బ్యాటరీ సెట్టింగే దోషి అని దాదాపుగా తేలినట్టే.

పరిష్కారం ఒకచోట కాదు, రెండు మూడు చోట్ల ఉంటుంది. ఒకటి మార్చి ఊరుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఆ యాప్ బ్యాటరీ పేజీలో 'అన్‌రిస్ట్రిక్టెడ్' (పరిమితి లేదు) ఎంచుకోండి. షావోమీ వంటి ఫోన్లలో యాప్‌ను తనంతట తాను మొదలవనిచ్చే ఆటోస్టార్ట్ అనే మీట వేరుగా ఉంటుంది, అది కూడా వేయాలి. శాంసంగ్‌లో స్లీపింగ్, డీప్ స్లీపింగ్ జాబితాలు రెండింటిలోనూ ఆ యాప్ లేకుండా చూడాలి. నెలల తరబడి తెరవని యాప్ అయితే, వాడని యాప్‌లను నిలిపివేసే మీట ఆ యాప్ సమాచార పేజీలోనే ఉంటుంది, దాన్ని తీసేయండి. సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ వీటిని మరొకసారి చూడడం మంచిది.

మిగిలిన కారణాలు అరుదు. ఇంటర్నెట్‌ను వేరే దారిలో నడిపే వీపీఎన్ వాడుతుంటే ఆపి చూడండి, తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూడండి. బేస్‌మెంట్ పార్కింగ్‌లో సిగ్నల్ లేక రాకపోతే దానికి ఏ సెట్టింగూ లేదు. నోటిఫికేషన్ వస్తోంది గాని కాల్ లాగా స్క్రీనంతా పరుచుకోవడం లేదంటే, ఆండ్రాయిడ్ 14 నుంచి దానికి 'ఫుల్ స్క్రీన్ నోటిఫికేషన్స్' అనే ప్రత్యేక అనుమతి ఉంది, అది ఇవ్వండి. బ్యాంకు ఓటీపీ ఎస్ఎమ్ఎస్‌గా వస్తుంది కనుక, అది ఆలస్యమైతే పైన చెప్పినవేవీ వర్తించవు. సిమ్ సంగతి చూసుకోవాలి.