గుయ్ మనే టెక్నో: సింథులు మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

నేనూ మా బావా చిక్కడపల్లిలో ఇంటి వెనక గదిలో మూడు సింథులు (కరెంటుతో సౌండు పుట్టించే వాయిద్యాలు), ఒక డ్రమ్ మెషీన్, సౌండ్లన్నీ కలిపే చిన్న మిక్సర్ పెట్టుకుని మినిమల్ టెక్నో అనే డాన్స్ సంగీతం చేస్తాం, లాప్‌టాప్ రికార్డింగ్‌కి మాత్రమే. మినిమల్ అంటే పాటలో ఉండేవే నాలుగు సౌండ్లు, ఏ తేడా వచ్చినా దాచడానికి చోటుండదు.

సమస్య: స్పీకర్లలో ఆగకుండా గుయ్

ముందు అది హమ్మా హిస్సా చూస్కోండి. స్‌స్ అని సన్నగా వస్తే హిస్, పాత సింథుల్లో మామూలే, వదిలేయండి, బెర్లిన్ జోడీ బేసిక్ ఛానల్ 90ల్లో చేసిన రికార్డుల్లో సగం అందం ఆ హిస్సే. గుయ్ మంటే మాత్రం హమ్, మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ పాటలోకి దూరినట్టే. లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిందా, అయితే గ్రౌండ్ లూప్: చార్జర్ వైపు ఒక ఎర్త్, మిక్సర్ వైపు ఇంకో ఎర్త్, మధ్యలో యూఎస్‌బీ వైరూ ఆడియో వైరూ కలిసి చుట్టు తిరిగేస్తాయి. అన్నిటికీ కరెంటు ఒకే జంక్షన్ బాక్స్ నుంచి ఇవ్వండి, అప్పటికీ పోకపోతే సింథ్‌కీ మిక్సర్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సౌండుని పంపుతూనే రెండు వైపుల ఎర్త్‌లనీ విడదీసే డబ్బా) పెట్టండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేస్తే హమ్ పోతదని చెప్పేవాళ్లుంటారు, హమ్ పోతది నిజమే, షాక్ కొడితే మనమూ పోతాం.

మా గదిలో చార్జర్ పీకినా ఆగలేదు. బావ కోఠి గుజరాతీ గల్లీకి పోయి కొత్త జాక్‌లు తెచ్చి రెండు సాయంత్రాలు టంకం పెట్టాడు, అయినా అదే గుయ్. మిక్సర్ రేకు మీద వేలు పెడితే జిల్లుమనేది, వేలు ఉన్నంతసేపూ మన ఒళ్లే ఎర్త్ అయ్యి హమ్ తగ్గేది, అసలు క్లూ అదేనని మాకు తట్టలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్‌బోర్డు విప్పితే పచ్చ ఎర్త్ వైరు కొసకి నల్ల టేపు చుట్టి లోపలికి మడిచి ఉంది, అంటే మూడో కన్నం ఉత్త అలంకారమే!

సమస్య: రెండు నిమిషాలకే బేస్ జారిపోతోంది

"డ్రమ్ మెషీన్లోనూ సింథ్‌లోనూ టెంపో 126 అనే ఉంది కదరా" అంటాడు బావ, అంటే నిమిషానికి 126 బీట్లు. ఉంటది బావా, కానీ ఎవరి గడియారం వాళ్లదే. ఒకటే మాస్టర్, మాకైతే డ్రమ్ మెషీన్, మిగతావన్నీ ఎక్స్‌టర్నల్ క్లాక్‌లో (బయటి గడియారాన్ని వినేలా) పెట్టాలి. జారడం కాకుండా స్పీడు కచ్చితంగా సగమో రెట్టింపో అయితే పల్స్ లెక్క తప్పింది. మిడి (సింథులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) క్లాక్ బీటుకి 24 పల్సులు పంపిస్తది, కోర్గ్ వాళ్ల చిన్న సింథ్ వోల్కా సింక్ వైరు 2తో నడుస్తది, సెట్టింగ్ చూడండి.

సమస్య: ఒక కీ కొడితే నోటు రెండుసార్లు

లాప్‌టాప్ అదే నోటుని తిప్పి పంపిస్తోంది. సింథ్‌లో లోకల్ (దాని కీలు నేరుగా దాని సౌండునే మోగించే సెట్టింగ్) ఆఫ్ చేయండి, అంతే.

సమస్య: ట్యూనింగ్ నిలవట్లేదు

అనలాగ్ ఆసిలేటర్‌కి, అంటే సింథ్‌లో సౌండు పుట్టించే సర్క్యూట్‌కి, వేడి పడదు. మే నెలలో ఏసీ వేసిన ఐదు నిమిషాలకి ట్యూన్ చేస్తే గది చల్లబడేసరికి మళ్లీ పోతది. సింథూ ఏసీ రెండూ ఆన్ చేసి అరగంట ఆగండి, చాయ్ తాగి రండి, అప్పుడు ట్యూన్ చేయండి.

సమస్య: అన్నీ బానే ఉన్నాయి, కానీ బోర్

ఇది వైర్లతో పోదు. అన్ని లైన్లూ 16 స్టెప్పులే (ఒక బార్, అంటే నాలుగు బీట్లు) అయితే ప్రతి బార్‌కీ అదే చోటికొస్తాయి, చెవికి వెంటనే తెలిసిపోతది. ఒక లైన్‌ని 15కి కుదించండి. అప్పుడు అది 16తో మళ్లీ కలిసేది 15 బార్ల తర్వాతే, 126 టెంపోలో దాదాపు 29 సెకన్లు, ఎక్కడ మొదలైందో వినేవాడికి దొరకదు. మత్తులా పట్టేది అక్కడే. మిగతాది ఫిల్టర్ నాబ్ (సౌండుని మందంగానో పదునుగానో మార్చేది) పని, ఎంత నెమ్మదిగా తిప్పితే అంత మంచిది. బావ తిప్పుతుంటే నేను చేతులు కట్టుకుని కూర్చుంటా, ఎందుకంటే నేనూ ఇంకో నాబ్ పట్టుకున్న ప్రతి టేకూ డిలీట్ చేశాం.