వంశవృక్షం తయారు చేయడం నేర్చుకుందాం – మొదటి పాఠం: పెద్దల మాట నుంచి తేదీ దాకా

వంశవృక్షం రాయాలనుకునేవారిలో చాలామంది ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, మూలపురుషుడు ఏ ఊరివాడు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టి, నాలుగు రోజులు తిరగకముందే జవాబు దొరక్క వదిలేస్తారు. ఈ పాఠాలలో మనం మన నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క తరం చొప్పున వెనక్కి వెళతాం. కాగితాల కంటే ముందు మనుషుల దగ్గరకు వెళతాం. రిజిస్ట్రేషన్ కచేరీలోని దస్తావేజు నకలు వచ్చే ఏడాది కూడా తీసుకోవచ్చు గానీ, ఎనభై ఐదేళ్ళ నాయనమ్మను అడగవలసిన మాట మాత్రం ఈ నెలలోనే అడగాలి.

ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇవ్వండి. మీరు 1, మీ నాన్న 2, మీ అమ్మ 3. ఆ పైన ఎవరి సంఖ్యనైనా రెట్టింపు చేస్తే వారి తండ్రి సంఖ్య, దానికి ఒకటి కలిపితే వారి తల్లి సంఖ్య వస్తుంది. అంటే నాన్న తండ్రి 4, నాన్న తల్లి 5, అమ్మ తండ్రి 6, అమ్మ తల్లి 7. నాయనమ్మ సంఖ్య 5 కాబట్టి ఆమె తండ్రి 10, తల్లి 11 అవుతారు. ఒక్కొక్కరికి ఒక పుట కేటాయించి, పుట పైన ఆ సంఖ్య రాయండి.

మన కుటుంబాలలో ఈ సంఖ్యల వల్ల పెద్ద ప్రయోజనం మేనరికాల దగ్గర తెలుస్తుంది. మీ నాన్న తన మేనమామ కూతురిని చేసుకున్నారనుకుందాం. అప్పుడు మీ నాయనమ్మ (5), మీ అమ్మ తండ్రి (6) తోబుట్టువులు. కాబట్టి 10, 12 ఒకే మనిషి, 11, 13 ఒకే మనిషి. అదే మీ నాన్న అక్క కూతురిని చేసుకుని ఉంటే, మీ అమ్మమ్మ (7) మీ నాన్నకు స్వయానా అక్క అవుతుంది గనుక 4వ సంఖ్యలోని తాతగారే ఒక తరం పైన 14వ సంఖ్యలో మళ్ళీ కనిపిస్తారు. చెట్టు బొమ్మలో ఇలాంటి చోట గీతలు చిక్కుపడి, ఒక్క మనిషే ఇద్దరుగా రాయబడే ప్రమాదం ఉంది. సంఖ్యల పద్ధతిలో అయితే 14వ పుటలో «4 చూడండి» అని రాస్తే చాలు.

ఇక ఎవరిని అడగాలన్నది. ఆస్తి పంపకాల గురించి మగవారు చెప్పగలరేమో గానీ, ఎవరి ఇంటి ఆడపిల్ల ఎవరి ఇంటికి కోడలుగా వెళ్ళింది, ఏ పిల్లవాడు పురిట్లోనే పోయాడు అన్న సంగతులు ఇంటి ఆడపడుచులకు, కోడళ్ళకే బాగా తెలుస్తాయి. అందుచేత మేనత్తలతో మొదలుపెట్టమని నా సలహా. ప్రతి స్త్రీ పుటలోనూ ఆమె పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పకుండా రాయండి. అత్తింటి ఇంటిపేరు మాత్రమే రాసుకుంటే ఆమె నుంచి పైకి వెళ్ళే దారి అక్కడితో మూసుకుపోతుంది, వంశంలో సగం పోతుంది.

«మీ తాతగారు ఏ సంవత్సరంలో పోయారు?» అని అడిగితే «ఎవరికి గుర్తుంటుంది నాయనా» అన్న మాటే వస్తుంది. «మీరు కాపురానికి వచ్చేటప్పటికి ఈ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు?», «ఆ పెద్దాయన పోయినప్పుడు మీకు ఏ బిడ్డ చంకలో ఉన్నాడు?» అని అడగండి. ఆ చంటిబిడ్డ పుట్టిన సంవత్సరం బడి రికార్డులో ఉంటే, మరణం ఏ రెండేళ్ళ మధ్య జరిగిందో మీకు తెలిసినట్టే. అలాగే జపాను బాంబులు పడ్డప్పుడని విశాఖలోనో కాకినాడలోనో ఒక పెద్దాయన అన్నారంటే అది 1942 ఏప్రిల్ 6. పోలీసు చర్య అని తెలంగాణవారు అంటే 1948 సెప్టెంబరు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. కరణాల ఉద్యోగాలు పోయిన ఏడు అంటే 1984.

తెలుగు సంవత్సరం పేరు చెప్పేవారు దొరికితే అదృష్టమే. ఆ పేర్లు అరవై ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తాయి గనుక ముందు ఏ ఆవృత్తమో తేల్చుకోవాలి. ఉదాహరణకు తారణ నామ సంవత్సరం 1884లో, 1944లో, 2004లో ఉగాదికి మొదలైంది. మీ మేనత్త చిన్నతనంలో చూసిన మరణమైతే అది 1944దే. అయితే ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. తారణ వైశాఖం అంటే 1944 ఏప్రిల్, మే నెలలు. తారణ మాఘం అంటే మాత్రం 1945 సంవత్సరపు తొలి నెలల్లో పడుతుంది, ఎందుకంటే తెలుగు సంవత్సరం ఉగాదికి గాని మారదు. తద్దినం పెట్టే ఇళ్ళలో మాసం, పక్షం, తిథి ఎలాగూ తెలిసే ఉంటాయి. వాటికి సంవత్సరం పేరు తోడైతే పాత పంచాంగం చూసి తేదీని రోజుతో సహా రాబట్టవచ్చు.

తద్దినాల మాట వచ్చింది కాబట్టి, తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లతో పాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు, తల్లి తరపు పెద్దల పేర్లు కూడా చెబుతారని గుర్తుంచుకోండి. ఆ పేర్లు రాసిన చీటీ మీ పెదనాన్నగారి దగ్గరో పురోహితుడి దగ్గరో ఉండవచ్చు. ముత్తవ్వ పేరు మరే కాగితంలోనూ లేని ఇళ్ళలో కూడా అక్కడ దొరుకుతుంది. పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు వధూవరుల ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరుసగా వినిపిస్తాయి గనుక పాత పెళ్ళి వీడియోలు కూడా ఓపిగ్గా వినండి. ఈ ఆచారాలు లేని కుటుంబాలవారు నిరాశపడనక్కరలేదు. ఊరూరా తిరిగి ఇంటిపేర్లు, గోత్రాలు, వంశాల వరుస చెప్పే వంశరాజ్ కులంవారి వంటివారు మీ ఊరికి వచ్చేవారేమో పెద్దలను అడగండి.

తాత పేరు మనవడికి పెట్టడం మన ఆనవాయితీ. దీనివల్ల ఒక తరం విడిచి ఒక తరంలో అదే పేరు వస్తుంటుంది గనుక, తెలియని ముత్తాత తండ్రి పేరును ఊహించడానికి అది ఒక ఆధారం. కానీ ఊహను పెన్సిలుతోనే రాయండి. ఇద్దరు రామయ్యల జీవితాలను కలిపి ఒకే రామయ్యగా రాసిన వంశవృక్షాలను సరిచేయడం, కొత్తగా రాయడం కంటే కష్టం.

విన్న ప్రతి మాట పక్కనా ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాయాలి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి. దత్తత వెళ్ళినవారికి కన్నవారి పేర్లు, పెంచినవారి పేర్లు వేర్వేరుగా రాయండి, ఎందుకంటే దస్తావేజుల్లో తండ్రి పేరు ఒకటి, ఇంట్లో చెప్పుకునే పేరు మరొకటి ఉండటానికి చాలాసార్లు అదే కారణం. ఇల్లరికం వచ్చినవారి విషయంలోనూ జాగ్రత్త అవసరం. అయితే దత్తత సంగతి ఆ ఇంటి పిల్లలకు తెలియకుండా ఉన్న సందర్భాలు ఉంటాయి. అటువంటిది మీ పుస్తకంలోనే ఉంచండి, పెద్దల అనుమతి లేకుండా వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

రెండవ పాఠంలో దస్తావేజులు చదవడం నేర్చుకుంటాం. ఈలోగా 1 నుంచి 15 వరకు పుటలు తెరిచి తెలిసినంత నింపండి, ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత దస్తావేజును ప్రతి పుటా రెండు వైపులా ఫోటో తీయండి. వెనుక వైపు ఎందుకంటే, స్టాంపు కాగితం ఏ తేదీన, ఎవరి పేరున కొన్నారో స్టాంపు వెండరు చాలాసార్లు అక్కడే రాసి ఉంటాడు.