పేరు తెలియని గేరు మోటారు – 3వ భాగం: మోటారును ఆపకుండానే టార్క్ కొలుద్దాం

గత భాగంలో మన మోటారు ఎన్ని వోల్టులదో, ఖాళీగా తిరిగేటప్పుడు ఎంత కరెంటు తీసుకుంటుందో తేల్చుకున్నాం. ఇక అసలు ప్రశ్న మిగిలింది: దీని బలం ఎంత? పాత ప్రింటరులోంచి ఊడదీసినా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాను కుప్పలోంచి ఏరుకొచ్చినా, చాలా మోటార్ల మీద ఆ వివరం ఉండదు. ఉన్న చీటీ కూడా సగం చెరిగిపోయి ఉంటుంది.

రోబో మోటార్లు అమ్మేవాళ్ళు టార్క్‌ను, అంటే షాఫ్టును (మోటారు బయటికి వచ్చి తిరిగే కడ్డీని) మెలితిప్పే బలాన్ని, సాధారణంగా కిలో-సెంటీమీటర్లలో చెబుతారు. షాఫ్టు మధ్య నుంచి 1 సెంటీమీటరు దూరంలో వేలాడే 1 కిలో బరువును నిలబెట్టే మెలి 1 కిలో-సెంటీమీటరు. న్యూటన్-మీటర్లలో అది దాదాపు 0.098. లెక్కకు పదో వంతు అనుకుంటే చాలు.

షాఫ్టుకు ఒక చేయి బిగించి, దాని కొసను తూకం యంత్రం మీద ఆనించి, మోటారు ఆగిపోయే దాకా నొక్కించడం చాలామంది వాడే పద్ధతి. తెలియని మోటారుతో ఇలా చేయవద్దని గట్టిగా చెబుతాను. ఆగిపోయిన మోటారులోకి వెళ్ళే కరెంటంతా వేడిగానే మారుతుంది. పైగా పూర్తి బలం గేరుపెట్టెలోని చివరి గేరు మీద పడుతుంది. ప్లాస్టిక్ పళ్ళయితే ఆ ఒక్క పరీక్షకే విరిగిపోవచ్చు.

అయస్కాంతాలున్న డీసీ మోటారుకు ఒక మంచి గుణం ఉంది. తిరుగుతున్నంతసేపూ అది తనకు అందే వోల్టేజీకి ఎదురుగా కొంత వోల్టేజీని తానే పుట్టిస్తుంది. బరువు పడి వేగం తగ్గితే ఆ ఎదురు వోల్టేజీ తగ్గి, లోపలికి కరెంటు ఎక్కువగా వెళ్ళి, టార్క్ పెరుగుతుంది. అందుకే వేగానికీ టార్క్‌కీ గ్రాఫు గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. ఆ రేఖ మీద రెండు బిందువులు దొరికితే, మోటారు పూర్తిగా ఆగే చోట టార్క్ ఎంతో లెక్కకట్టవచ్చు. దాన్నే స్టాల్ టార్క్ అంటారు. మిక్సీ మోటారు ఈ రకం కాదు, దానికి ఈ లెక్క పనికిరాదు.

40 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న పీవీసీ పైపు ముక్కను డ్రమ్ముగా షాఫ్టుకు బిగించండి. అంటే వ్యాసార్థం 2 సెంటీమీటర్లు. మోటారును నేలకు కనీసం మీటరున్నర ఎత్తున్న గట్టి అంచుకు కదలకుండా క్లాంపు చేసి, సన్నని నైలాన్ దారం ఒక కొసను డ్రమ్ముకు కట్టండి. దారం చుట్టు పక్కన చుట్టుగా పడాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే వ్యాసార్థం పెరిగి లెక్క తప్పుతుంది. దారం మీద సరిగ్గా 1 మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టండి. మొదటి గుర్తుకు పైన ఒక జానెడు దారం వదిలితే, గడియారం మొదలయ్యేలోగా మోటారు వేగం అందుకుంటుంది.

మొదట దారం బిగువుగా ఉండటానికి ఒక చిన్న నట్టు మాత్రం కట్టి, మొదటి గుర్తు డ్రమ్మును చేరినప్పటి నుంచి రెండో గుర్తు చేరేదాకా పట్టే సమయం చూడండి. 8 సెకన్లు వచ్చిందనుకుందాం. తర్వాత నట్టు తీసి, మొత్తం బరువు 1 కిలో ఉండేలా నీళ్ళు నింపిన సీసాను వేలాడదీయండి. ఈసారి 10 సెకన్లు పట్టింది. సీసా వల్ల పడిన టార్క్ 1 × 2 = 2 కిలో-సెంటీమీటర్లు. బరువుతో పట్టిన సమయాన్ని, రెండు సమయాల తేడాతో భాగించండి: 10 ÷ 2 = 5. ఆ 5తో 2ను గుణిస్తే స్టాల్ టార్క్ 10 కిలో-సెంటీమీటర్లు. మోటారు ఒక్క క్షణం కూడా ఆగలేదు.

బరువు ఎంచుకోవడంలోనే నేర్పంతా ఉంది. బరువు మరీ తక్కువై సమయం 8.4 సెకన్లు వస్తే, గుణించాల్సిన అంకె 21. బొటనవేలు కాస్త ఆలస్యమై 8.6 అని చదివితే అదే 14కు పడిపోతుంది. అదే తప్పు 10 సెకన్ల దగ్గర జరిగితే 5 కాస్తా 4.6 దాకానే తగ్గుతుంది. కాబట్టి వేగం అయిదో వంతు నుంచి మూడో వంతు వరకు తగ్గేలా సీసాలో నీళ్ళు సర్దుకోండి. సీసా పైకి వెళ్తున్నప్పుడు మల్టీమీటరును మోటారు తీగల దగ్గరే పెట్టి చూడండి. బలహీనమైన అడాప్టరు బరువు పడగానే వోల్టేజీ దించేస్తుంది. అప్పుడు మోటారు ఉన్నదానికన్నా నీరసంగా కనిపిస్తుంది.

కరెంటు తీసేయగానే చాలా గేరు మోటార్లు బరువును వదిలేస్తాయి. వర్మ్ గేరు (మర చుట్టులా ఉండే గేరు) ఉన్నవి మాత్రం సాధారణంగా పట్టుకుని నిలబడతాయి. ఏదైనా సరే, సీసా కింద పాత దిండు వేయండి, కాళ్ళు దూరంగా ఉంచండి.

వచ్చిన 10 మోటారు బలానికి కొలతే, గేరు పళ్ళ గట్టితనానికి కాదు. రోజువారీ పనికి అందులో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు మించి అడగవద్దు.

వచ్చే భాగంలో ఈ అంకెతో చక్రం వ్యాసం ఎంచుకుందాం. ఈలోగా ఇదే మోటారుకు 1.5 కిలోలు కట్టి చూడండి. రేఖ నిజంగా సరళమైతే సమయం 11.4 సెకన్లకు అటూ ఇటూగా రావాలి. 13 దాకా పోతే, మోటారును అనుమానించే ముందు అడాప్టరును, దారం చుట్టుకున్న తీరును చూడండి.