జీఆర్‌పీసీ నెట్‌వర్కింగ్, 4వ పాఠం: కనెక్షన్‌కి వయసు పెట్టడం

పోయిన పాఠంలో జీఆర్‌పీసీలో (ఒక ప్రోగ్రామ్ నెట్‌వర్క్ మీద ఇంకో ప్రోగ్రామ్‌లోని ఫంక్షన్‌ని పిలిచే పద్ధతి) పింగులు పంపి, చచ్చిపోయిన కనెక్షన్‌ని పట్టుకోవడం చూశాం. ఈసారి ప్రశ్న వేరు. నిక్షేపంగా పనిచేస్తున్న కనెక్షన్‌ని మనమే ఎందుకు మూసెయ్యాలి?

కుబెర్నెటీస్‌లో (ప్రోగ్రామ్‌లని ఎన్నో మెషీన్ల మీద నడిపే వ్యవస్థ) మీ సర్వీసు మూడు పాడ్‌ల మీద, అంటే మూడు కాపీలుగా నడుస్తోందనుకోండి. రద్దీ పెరిగిందని ఆరు చేశారు. పది నిమిషాలయ్యాక చూస్తే పాత మూడూ సీపీయూ నిండిపోయి ఉడికిపోతున్నాయి, కొత్త మూడూ ఖాళీగా కూర్చున్నాయి. నాకు ఇది మొదటిసారి ఎదురైనప్పుడు హెల్త్ చెక్‌లోనే ఏదో తేడా ఉందనుకుని రెండు గంటలు అక్కడే వెతికాను. తేడా అక్కడ లేదు. పాడ్‌లన్నిటి ముందూ ఒకే చిరునామాగా నిలిచే మామూలు క్లస్టర్ ఐపీ సర్వీసు ఒక్కో కాల్‌నీ విడిగా పంచదు. టీసీపీ కనెక్షన్ కుదిరేటప్పుడు ఒక్కసారి మాత్రం ఏదో పాడ్‌ని ఎంచుతుంది, అంతే. జీఆర్‌పీసీ నడిచేది హెచ్‌టీటీపీ/2 మీద కాబట్టి ఒకే కనెక్షన్‌లో ఎన్నో కాల్స్ వేర్వేరు స్ట్రీములుగా కలిసి పోతాయి. క్లయింటుకి ఇంకో కనెక్షన్ అవసరమే పడదు. పొద్దున పట్టుకున్న పాడ్‌నే సాయంత్రం దాకా పట్టుకుని ఉంటుంది.

దీనికి మందు సర్వర్ దగ్గరుంది. గో భాషలో అయితే కీప్‌అలైవ్ సర్వర్ పారామీటర్స్‌లో మ్యాక్స్‌కనెక్షన్‌ఏజ్ అనే అమరిక. ఆ వయసు నిండిన కనెక్షన్‌ని సర్వర్ మూయిస్తుంది, క్లయింట్ మళ్లీ కనెక్ట్ అయినప్పుడు కొత్త పాడ్‌లకీ వంతు వస్తుంది. మనం ఏమీ ఇవ్వకపోతే వయసుకి హద్దు ఉండదు. నేను 30 నిమిషాలతో మొదలుపెడతాను, పాడ్‌లు తరచూ పెరిగి తగ్గే చోట 5కి దించుతాను. మరీ సెకన్లలోకి దించకండి. కొత్త కనెక్షన్ వచ్చిన ప్రతిసారీ టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్ (గుప్తీకరణకి రెండు వైపులా ముందు కుదుర్చుకునే ఒప్పందం) ఖర్చు పడుతుంది.

మీరు 30 నిమిషాలని రాసినా లైబ్రరీ దాన్ని పది శాతం అటూ ఇటూ జరుపుతుంది, అంటే 27 నుంచి 33 మధ్య. సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు క్లయింట్లన్నీ ఒక్కసారే వచ్చి కనెక్ట్ అవుతాయి కదా, అవన్నీ మళ్లీ ఒక్కసారే తెగి మీద పడకుండా ఈ జాగ్రత్త.

వయసు నిండగానే సర్వర్ తీగ కోసెయ్యదు. గోఅవే అనే ఫ్రేమ్ పంపుతుంది: కొత్త కాల్స్ ఇటు తేవద్దు, నడుస్తున్నవి పూర్తి చేసుకో అని. అందులో చివరి స్ట్రీమ్ నంబరు ఒకటుంటుంది. ఆ నంబరు దాటిన కాల్స్‌ని సర్వర్ అసలు ముట్టుకోలేదని అర్థం కాబట్టి క్లయింట్ వాటిని నిర్భయంగా ఇంకో కనెక్షన్ మీద పంపొచ్చు. అయితే గోఅవే దారిలో ఉండగానే అవతలి నుంచి కొత్త కాల్ బయల్దేరి ఉంటే? అందుకే సర్వర్ మొదటి గోఅవేలో 2147483647 అనే అతి పెద్ద నంబరు వేసి, వెంటనే ఒక పింగ్ పంపుతుంది. పింగ్‌కి జవాబు వచ్చిందంటే క్లయింట్ గోఅవే చూసేసినట్టే. అప్పుడు అసలు నంబరుతో రెండో గోఅవే పంపుతుంది. దారిలో ఉన్న కాల్ కూడా పోదు. ఈ పనితనం నాకు ఎప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇక మ్యాక్స్‌కనెక్షన్‌ఏజ్‌గ్రేస్. గోఅవే తర్వాత మిగిలిన కాల్స్‌కి ఇచ్చే గడువు ఇది. దీనికీ మామూలుగా హద్దు లేదు. గంటలకొద్దీ నడిచే స్ట్రీమ్ (తెరిచే ఉండి డేటా పంపుతూ ఉండే కాల్) ఒక్కటున్నా చాలు, వయసు మీరిన కనెక్షన్ అలాగే వేలాడుతుంది. మీ మామూలు కాల్స్‌లో అతి పెద్ద డెడ్‌లైన్ (కాల్ పూర్తి కావడానికి క్లయింట్ పెట్టే గడువు) కంటే గ్రేస్ కొంచెం ఎక్కువ ఉండాలి.

చేసి చూడండి. సర్వర్లో ఏజ్ 1 నిమిషం, గ్రేస్ 10 సెకన్లు పెట్టండి. క్లయింట్ నుంచి సెకనుకొక చిన్న కాల్, పక్కనే అదే ఛానెల్ (క్లయింట్ వైపు కనెక్షన్లని చూసుకునే వస్తువు) మీద 5 నిమిషాల స్ట్రీమ్ ఒకటి నడపండి. ఇంకో టెర్మినల్లో, తెరిచి ఉన్న కనెక్షన్లని చూపే ఎస్‌ఎస్ కమాండుతో క్లయింట్ వైపు పోర్టు నంబరు గమనిస్తూ ఉండండి. నిమిషం అటూ ఇటూగా రెండో పోర్టు పుడుతుంది. పది సెకన్లపాటు రెండూ కనిపిస్తాయి, తర్వాత పాతది పోతుంది. చిన్న కాల్స్‌లో ఒక్కటీ తప్పదు. స్ట్రీమ్ మాత్రం అన్‌అవైలబుల్, అంటే 14వ నంబరు ఎర్రర్‌తో తెగుతుంది.

తెగిన ఆ స్ట్రీమ్ ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకునేలా క్లయింట్ రాయడం 5వ పాఠం. ఈ కోడ్ అప్పటిదాకా ఉంచుకోండి, దాని మీదే కడదాం.