వీగన్‌గా మారడం ఎలా? ఆరోగ్యం కోసమైతే ఈ వరసలో మొదలుపెట్టండి

వీగన్ అవ్వాలని నిర్ణయించుకున్న రోజునే చాలామంది ఫ్రిజ్ తెరిచి పాలు, గుడ్లు తీసి పక్కన పెట్టేస్తారు. నన్నడిగితే ఆ పని కొన్నాళ్లు ఆగి చేయమంటాను. ముందు విటమిన్ బి12 మాత్రలు ఇంటికి రావాలి, ఆ తర్వాత పాలు వెళ్లాలి.

మాంసం, చేపలు, గుడ్లు, పాలు, తేనె ఇలా జంతువుల నుంచి వచ్చేవేవీ తినకపోవడమే వీగన్ ఆహారం. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు ఈ పేరు పెట్టినప్పుడు వాళ్లు ఆలోచించింది జంతువుల గురించి. కాబట్టి ప్యాకెట్ మీద ‘వీగన్’ అని ఉంటే అది ఒంటికి మంచిదని భరోసా ఏమీ లేదు. ఆలూ చిప్స్, కూల్‌డ్రింక్ కూడా వీగనే. కొబ్బరి నూనె కూడా మొక్కల నుంచే వస్తుంది, కానీ గుండెకు మంచిది కాని సంతృప్త కొవ్వు (శాచురేటెడ్ ఫ్యాట్) దానిలో వెన్నలో కన్నా ఎక్కువ. పాలూ మాంసమూ మానేసిన చోట ఏం పెడుతున్నారన్న దాని మీదే మీ ఆరోగ్యం ఆధారపడుతుంది.

1. ముందు రక్తపరీక్ష

హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది), బి12, విటమిన్ డి చూపించుకోండి. ఇప్పుడెంత ఉందో తెలిస్తేనే తర్వాత పోల్చుకోగలం. షుగర్, బీపీ మందులు వాడేవారు డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టాలి, తిండి మారితే డోసు మార్చాల్సి రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు. వాటిలోని విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డైటీషియన్‌ను కలవండి.

2. బి12 సంగతి తేల్చుకోండి

దీని మీద బేరాలు లేవు. బి12ను తయారుచేసేది బాక్టీరియా. మొక్కల ఆహారంలో నమ్ముకోదగినంత దొరకదు. స్పిరులినా అనే నాచు పొడి తింటే చాలని కొందరంటారు, కానీ అందులో ఉండేది చాలావరకు మన శరీరానికి పనికిరాని రూపం.

పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 2.4 మైక్రోగ్రాములే. మరి మాత్రల మీద 500, 1000 అని ఎందుకుంటుంది? శరీరం ఒక విడతకు కొద్దిగానే పీల్చుకోగలదు, పెద్ద డోసులో ఎక్కువ భాగం వృథాగా పోతుంది. రోజూ వేసుకుంటే కనీసం 10 మైక్రోగ్రాములు, వారానికోసారి అయితే కనీసం 2000 అని బ్రిటన్‌లోని వీగన్ సొసైటీ సలహా. మీకు గుర్తుండే పద్ధతి ఎంచుకోండి.

‘రెండేళ్లయింది, ఏ మాత్రా లేకుండా బాగానే ఉన్నా’ అనేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. బి12 కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. వాళ్లు ఇంకా పాత నిల్వే ఖర్చు పెడుతున్నారన్నమాట. అది అయిపోయాక నీరసం, కాళ్లూ చేతుల తిమ్మిర్లు, మతిమరుపు మొదలవుతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఫోలేట్ అనే మరో బి విటమిన్ ఎక్కువ. బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనత దాని వల్ల బయటపడకపోవచ్చు, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

3. ఒక్కో పూట మార్చండి

మొదటి వారం ఒక్క పూట టిఫిన్ చాలు. అది అలవాటయ్యాక మధ్యాహ్న భోజనం, ఆ తర్వాత రాత్రిది. పప్పులు, చిక్కుడు గింజలు ఒక్కసారిగా పెంచితే పీచు ఎక్కువై కడుపు ఉబ్బరం, గ్యాస్ తప్పవు. వాటిని నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండండి. నీళ్లు ఎక్కువ తాగండి. కొన్ని వారాల్లో పొట్ట సర్దుకుంటుంది.

4. పళ్లెంలో ఏం ఉండాలి

ప్రోటీన్ గురించి అందరూ టెన్షన్ పడతారు గానీ, అది అంత కష్టమైన లెక్క కాదు. కిలో బరువుకు 0.8 గ్రాములు లెక్కేస్తే 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఉడికించిన శనగలు ఒక కప్పు తింటే సుమారు 14 గ్రాములు వచ్చేస్తాయి. ప్రోటీన్‌లో ఒక భాగమైన లైసిన్ ధాన్యాల్లో తక్కువ, పప్పుల్లో బాగా ఉంటుంది. రెండూ ఒకే పూట తినాలన్న నియమం లేదు, రోజు మొత్తంలో తింటే చాలు.

ఐరన్ విషయంలో ఎంత తిన్నామన్నదాని కన్నా ఎంత ఒంటబట్టిందన్నది ముఖ్యం. మొక్కల్లోని ఐరన్ సులభంగా ఒంటబట్టదు. భోజనంతో పాటు నిమ్మరసం, టమాటా, జామకాయ లాంటి విటమిన్ సి ఉన్నదేదైనా తింటే ఒంటబట్టేది బాగా పెరుగుతుంది. టీ, కాఫీ దాన్ని తగ్గిస్తాయి, కాబట్టి భోజనానికీ వాటికీ కనీసం గంట ఎడం ఉంచండి.

ఎముకల విషయంలో అశ్రద్ధ చేయకండి. బ్రిటన్‌లో జరిగి, 2020లో వెలువడిన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయన ఫలితాల్లో మాంసం తినేవారితో పోలిస్తే వీగన్లలో ఎముకలు విరగడం ఎక్కువగా కనిపించింది, ముఖ్యంగా తుంటి ఎముక. బరువు తక్కువగా ఉండటం, కాల్షియం, ప్రోటీన్ తక్కువ తినడం ఇందుకు కొంతవరకు కారణాలు. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టేసుకుంటాయి, ఒంటికి అందేది సుమారు 5 శాతమే. కాల్షియంతో గట్టిపరచిన టోఫు (సోయా పనీర్), కాల్షియం కలిపిన సోయా పాలు, బ్రోకలీ నయం. సోయా పాల ప్యాకెట్‌ను బాగా కుదిపి పోసుకోండి, కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది. బరువులెత్తే వ్యాయామం కూడా ఎముకలకు అవసరమే.

ఒమేగా-3 కోసం రోజూ ఒక చెంచా అవిసె గింజల పొడి. గింజలు అలాగే మింగితే చాలావరకు అరక్కుండా బయటికి పోతాయి. ఉప్పు అయోడిన్ కలిపినదే వాడండి.

5. టీ, కాఫీ

చాలామంది వీగన్ ప్రయత్నం ఆగిపోయేది ఇక్కడే. వేడి కాఫీలో చల్లటి సోయా పాలు పోయగానే అవి విరిగిపోయి, గ్లాసులకొద్దీ కాఫీ నేనూ పారబోశాను. కాఫీలోని పులుపు, వేడి కలిసి ఆ పని చేస్తాయి. పాలు ముందు గోరువెచ్చగా చేసి, కాస్త చల్లారిన డికాషన్‌ను వాటిలో నెమ్మదిగా పోయండి. ఓట్స్ పాలు అంత తొందరగా విరగవు. బాదం పాలలో ప్రోటీన్ చాలా తక్కువ, సోయా పాలకు అవి సమానం కావు.

6. లేబుల్ చదవండి

వే (whey), కేసిన్, లాక్టోజ్ అంటే పాల నుంచి వచ్చినవి. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. విటమిన్ డి3 మామూలుగా గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీస్తారు, రాళ్ల మీద, చెట్ల మీద పెరిగే లైకెన్ నుంచి తీసినది కూడా దొరుకుతుంది. డాక్టరు రాసిన మందు క్యాప్సూల్ జెలటిన్‌ది అని తెలిసినా మీ అంతట మీరు మానేయకండి, బదులు ఉందేమో అడగండి.

7. ఆరు నెలలకు మళ్లీ

అవే పరీక్షలు మళ్లీ చేయించి పాత రిపోర్టు పక్కన పెట్టి చూడండి. బి12 తగ్గితే మాత్ర ఎన్ని వారాలు మరిచిపోయారో నిజాయితీగా లెక్కేయండి. ఫెరిటిన్ పడిపోతే డాక్టరును కలవండి. ఈలోగా భోజనం కాగానే తాగే ఆ టీని మాత్రం గంట తర్వాతకు జరపండి.